జర్మనీ దారి మేలా, జపాన్ దారి మేలా?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన రెండు దేశాల్లో, కొత్త టెక్నాలజీ విషయంలో ఏ ప్రభుత్వం పద్ధతి మేలు? పక్కకు తప్పుకున్న పశ్చిమ జర్మనీదా, పక్కనే కూర్చుని అజమాయిషీ చేసిన జపాన్‌దా?

జర్మనీ తప్పుకుందన్నది సగమే నిజం. 1948 జూన్‌లో కొత్త కరెన్సీ రావడం, అక్కడ ఆర్థిక వ్యవహారాలు చూసే లుడ్విగ్ ఎర్హార్డ్ చాలా సరుకుల మీద ధరల కంట్రోలు ఎత్తేయడం, దాచిన సరుకంతా రాత్రికి రాత్రే షాపుల్లోకి రావడం అందరికీ తెలిసిన కథే. అదే ఏడాది పెట్టిన కేఎఫ్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ బ్యాంకు, మార్షల్ ప్లాన్ (యుద్ధం తర్వాత యూరప్‌కు అమెరికా సాయం) నిధుల నుంచి పరిశ్రమలకు దీర్ఘకాలిక అప్పులిచ్చిన సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. పైగా రసాయనాలు, యంత్రాలు, కార్లు జర్మన్లకు యుద్ధానికి ముందే వచ్చిన విద్యలు. అడ్డు తొలిగితే చాలు, పని మొదలైపోయింది.

జపాన్ ఇబ్బంది వేరు. టెక్నాలజీ బయట కొనాలి, కొందామంటే డాలర్లు లేవు. ఉన్న కాసిని డాలర్లు ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం 1949లో పుట్టిన మిటి (వాణిజ్య, పరిశ్రమల శాఖ) చేతిలో ఉండేది. ఆ అధికారాన్ని ఎలా వాడారో ఉక్కు విషయంలో చూడాలి. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. కరిగిన ఇనుము మీదికి పైనుంచి గొట్టంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊదుతారు. పాత ఓపెన్ హార్త్ కొలిమిలో గంటల తరబడి పట్టే పని ముప్పావు గంటలో అయిపోతుంది. ఈ కొలిముల్నే ఎల్‌డీ కన్వర్టర్లు అంటారు, మన విశాఖ ఉక్కులో ఉన్నవీ ఇవే. దీనికోసం యవాటా, నిప్పన్ కోకన్ అనే జపాన్ ఉక్కు కంపెనీలు రెండూ ఎగబడ్డాయి. రెండూ పోటీపడి పాడుకుంటే ఆస్ట్రియావాళ్లకు పండగే. మిటి కల్పించుకుని, 1956లో నిప్పన్ కోకన్ ఒక్కదాని పేరు మీదే హక్కులు కొనిపించింది. అక్కణ్నుంచి మిగతా కంపెనీలూ వాడుకునేలా ఏర్పాటు చేసింది. ఖర్చు బాగా కలిసొచ్చింది. 1970 నాటికి జపాన్ ఉక్కులో నాలుగింట మూడొంతులకు పైగా ఈ పద్ధతిలోనే తయారయ్యేది.

నా లెక్కలో అసలు విషయం ఇదే. డాలర్ల గేటు దగ్గర కాపలా మన లైసెన్స్ రాజ్ కూడా కాసింది. కాకపోతే ఇక్కడ లైసెన్స్ దొరికినవాడికి ఇక పోటీ బెడద లేదు. అక్కడ కొనేటప్పుడు మాత్రమే ఒక్కటి, కొన్నాక ఎవరి కొలిమి వాళ్లది, ఎవరి పోటీ వాళ్లది.

అలాగని మిటి అధికారులు సర్వజ్ఞులేం కాదు. తర్వాత సోనీగా మారిన చిన్న కంపెనీ ట్రాన్సిస్టర్ లైసెన్స్ కోసం 25,000 డాలర్లు అడిగితే, వీళ్లకేం చేతనవుతుందిలే అన్నట్టు నెలల తరబడి నాన్చారు. అనుమతి 1954లో వచ్చింది, మరుసటి ఏడాదే రేడియో మార్కెట్లో ఉంది. కార్ల తయారీలోకి కొత్త కంపెనీలు రాకుండా అడ్డుకట్ట వేసే చట్టం తేబోతే హోండా సోయిచిరో ససేమిరా అన్నాడు. ఆ బిల్లు పాస్ కాలేదు, హోండా కారు మాత్రం 1963లో రోడ్డెక్కింది. మిటి మాట ఇంకాస్త చెల్లి ఉంటే ఈ రెండు పేర్లూ మనం వినేవాళ్లం కాదేమో. అయినా డబ్బుకు కటకటలాడుతూ వెనకబడ్డ దేశమైతే నేను జపాన్ వైపే మొగ్గుతా.

యుద్ధం తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం పరిశ్రమల కోసం వేసిన మోనే ప్లాన్ కూడా ఇంచుమించు జపాన్ తరహాదే. బ్రిటన్ డబ్బు చాలావరకు రక్షణకూ విమానాలకూ పోయింది, దాన్ని నమూనాగా తీసుకోనక్కర్లేదు.

కొనుక్కునే దశ దాటిపోయిన దేశమైతే జర్మనీలోనే చూడదగ్గది ఉంది. అది ఎర్హార్డ్ సంస్కరణ కాదు, పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధన చేసే ఫ్రాన్‌హోఫర్ సొసైటీ, 1949లో చిన్నగా మొదలైంది. కంపెనీల నుంచి ఎంత పని సంపాదిస్తే దాన్ని బట్టి ప్రభుత్వం నిధులిచ్చే పద్ధతి అక్కడ 1973లో వచ్చింది.