మిద్దెతోట గ్రూపుల్లో చాలా ఏళ్లు ఉన్నాక నా సమీక్ష

ఫేస్‌బుక్‌లోని మిద్దెతోట గ్రూపుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. చేరమంటారా అని అడిగేవాళ్లకు తప్పకుండా చేరమనే చెప్తాను. కాకపోతే ఫొటోలు చూసి, లైకు కొట్టి వెళ్లిపోయేవాళ్లకు అక్కడ దొరికేది తక్కువ. అడగాలి, చెప్పాలి, మళ్లీ వచ్చి ఏమైందో రాయాలి.

బీర పిందెలు వేలెడంత అయ్యాక పసుపు తిరిగి రాలిపోతున్నాయని ప్రతి వానాకాలం ఎవరో ఒకరు పెడతారు. ఉత్త ఫొటో పెట్టి ‘ఏం చేయాలి?’ అంటే ‘వేపనూనె కొట్టండి’ అని వరసగా జవాబులొస్తాయి. నేను అడిగినప్పుడు కుండీ ఎంత పెద్దదో, ఎండ ఎంతసేపు పడుతుందో, పిందె కోసి చూస్తే లోపల పురుగు లేదని కూడా రాశాను. గుంటూరు వైపు రైతు ఒకాయన వెంటనే అందుకున్నారు. ‘పురుగు లేదంటే పుప్పొడి అందలేదమ్మా. బీరపూలు గుమ్మడిలా పొద్దున కాదు, సాయంత్రం విచ్చుకుంటాయి. దీపాలు పెట్టే వేళ మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు మధ్యలో అద్దు.’ అలాగే చేశాను. కాయ నిలిచాక ఆ ఫొటో అదే పోస్టు కింద పెట్టాను. ఆయన సంతోషం చూడాలి! అడిగి మాయమైపోయేవాళ్లకు రెండోసారి చెప్పడానికి ఎవరికి మనసొస్తుంది?

అడగడం కంటే జవాబు చెప్పడంలోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను. కాయల్లో గుడ్లు పెట్టి పాడుచేసే పండు ఈగకు ఎర అని దుకాణాల్లో అమ్మేవి అన్నీ ఒకటి కావు. మామిడి, జామ మీద వాలే ఈగకు మిథైల్ యూజినాల్ అనే ఎర, బీర, కాకర లాంటి తీగల ఈగకు క్యూ లూర్ అనే ఎర పెట్టాలి. ఇది రాస్తే ఒకావిడ, ‘ఈ ఎరలకు మగ ఈగలే వస్తాయి కదండీ, గుడ్లు పెట్టే ఆడవాటి సంగతేంటి?’ అని నిలదీశారు. ఎంత మంచి ప్రశ్న! దానికోసం చదివితే తెలిసింది, కాయలోని పురుగు మట్టిలోకి దిగి ప్యూపా (ఈగగా మారే ముందు దశ) అవుతుందని. అందుకే రాలిన కాయలను కుండీల దగ్గర వదలకుండా కవర్లో మూతికట్టి ఎండలో పడేయాలి. ఎర ఒక్కటే చాలదు.

వాట్సాప్ గ్రూపులో 2022 నుంచి 1024 మంది దాకా ఉండొచ్చు. అంతమంది ఉన్నచోట శుభోదయాల మధ్య ప్రశ్న కొట్టుకుపోతుంది. కాలనీవాళ్లు కొద్దిమందే ఉన్న చిన్న గ్రూపు నాకు ఎంతో నయం, కావాలంటే మిద్దె ఎక్కి మొక్క చూసి వెళ్తారు. ఫేస్‌బుక్ గ్రూపులో పాత పోస్టులు వెతుక్కోవచ్చు. ‘బీర’ అని తెలుగులోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ కొట్టి చూడండి, రెండు రకాలుగానూ రాస్తారు. ఏ ఆకు తింటే ఏ జబ్బు పోతుందో చెప్పే పోస్టులను మాత్రం నమ్మకండి, వాటి కింద వాదనకూ దిగకండి.

ఇక విత్తనాలు. నేతిబీర, తమ్మకాయ లాంటివి బజార్లో అంత సులువుగా దొరకవు. మన చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు పంపితే అందులో పెట్టి పంపేవాళ్లు ఈ గ్రూపుల్లో ఉన్నారు, పైసా తీసుకోరు. అలా వచ్చినవి మొలిచినా మొలవకపోయినా వాళ్లకు రాయండి. తాము దాచిన విత్తనం ఇంకా బాగుందో లేదో వాళ్లకు తెలియాలి కదా.