లండన్‌కు డైరెక్టా, దుబాయ్ మీదుగానా?

మా బల్లార్షా నుంచి సికింద్రాబాద్ రైలెక్కి, హైదరాబాద్‌లో ఫ్లైట్ పట్టుకుని లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

దూరంలో పెద్ద తేడా లేదు. మ్యాప్ మీద గీత గీసి చూస్తే నేరుగా సుమారు 7,750 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా 2,560, మళ్లీ 5,500, అంటే 300 పైచిలుకే ఎక్కువ. తేడా అంతా టైమ్‌లోనే. డైరెక్ట్ అయితే పది గంటలు అటూ ఇటూగా. దుబాయ్ మీదుగా గాల్లోనే పదకొండున్నర దాకా పడుతుంది, మధ్యలో ఆగేది వేరే.

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు, ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. చలికాలంలో లండన్ మనకన్నా ఐదున్నర గంటలు వెనక కాబట్టి ఉదయం 7 గంటలకు ఎక్కితే అక్కడి గడియారంలో 11:30కే దిగుతారు, చూడ్డానికి నాలుగున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. ఎండాకాలంలో అయితే లండన్ మనకన్నా నాలుగున్నర గంటలే వెనక.

మొదటిసారి ఒంటరిగా వెళ్లే అమ్మకు నేనైతే డైరెక్టే బుక్ చేస్తాను, రేటు కాస్త ఎక్కువైనా సరే. దుబాయ్‌లో మళ్లీ సెక్యూరిటీ చెక్, బ్యాగు ట్రేలో పెట్టడం, గేటు వెతుక్కోవడం, భాష రాని మనిషికి అదంతా ఎంత టెన్షనో ఆలోచించండి. కూర్చుంటే కాళ్లు పట్టేసేవాళ్లకు మాత్రం మధ్యలో నడిచే వీలుండటం మంచిదే. అలాంటప్పుడు టికెట్‌తోపాటే వీల్‌చైర్ కూడా అడగండి.