రెండు పెద్ద అప్‌డేట్లు దాటిన టాబ్లెట్: ఆరేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

పది అంగుళాల తెర, 3 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ, మెమరీ కార్డు పెట్టుకునే వీలు ఉన్న ఈ ఆండ్రాయిడ్ టాబ్లెట్‌ను నేను 2019 డిసెంబరులో కొన్నాను. అప్పుడు అందులో ఆండ్రాయిడ్ 9 ఉండేది. 2020లో ఆండ్రాయిడ్ 10, మరుసటి ఏడాది 11 వచ్చి, అక్కడితో పెద్ద అప్‌డేట్లు ఆగిపోయాయి. తయారీదారు పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే నేను చెప్పబోయే చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ తరం ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు ఉమ్మడివే. నా వాడకం కూడా పెద్దదేమీ కాదు: స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చదవడం, అచ్చుకు వెళ్లే ప్రతులలో తప్పులు చూడడం, సాయంత్రం పూట మా అమ్మకు వార్తలు వినిపించడం. ఈ మూడు పనులకూ ఆటంకం కలిగింది టాబ్లెట్ కింద పడినప్పుడో, నీళ్లు ఒలికినప్పుడో కాదు; రెండుసార్లూ అప్‌డేట్ మరునాడే. అందుకే ఈ సమీక్షలో తెర వెలుగు, కెమెరా నాణ్యత వంటి వాటిని వదిలేసి, అప్‌డేట్ తరువాత ఏది పాడైంది, ఏది పాడైనట్టు కనిపించింది, దేనిని ఎలా సరిచేసుకున్నాను అన్నదే రాస్తున్నాను.

ఆండ్రాయిడ్ 10 ఎక్కించిన తొలి రెండు రోజులు టాబ్లెట్ వెనుక భాగం వేడెక్కుతూనే ఉంది, పొద్దున నింపిన బ్యాటరీ మధ్యాహ్న భోజనం వేళకే సగానికి పడిపోయింది, ఒక పుట తిప్పితే మరో పుట రావడానికి నిట్టూర్చేంత సమయం పట్టింది. ఇది లోపం కాదని నాకు తరువాత అర్థమైంది. పాత ఆండ్రాయిడ్‌లలో అప్‌డేట్ పూర్తయ్యాక యాప్‌లను ఒక్కొక్కటిగా సిద్ధం చేస్తున్నట్టు తెర మీద లెక్క కనిపించేది, అది ముగిసేదాకా మనం కాచుకుని కూర్చునేవాళ్లం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ పనిలో పెద్ద భాగాన్ని వెనుకకు నెట్టారు. మనం వాడే తీరును గమనించి, టాబ్లెట్ ఖాళీగా ఉండి చార్జింగ్‌లో ఉన్నప్పుడు, ఏయే యాప్‌లోని ఏ భాగాన్ని ముందుగా సిద్ధం చేసి ఉంచాలో అదే నిర్ణయించుకుంటుంది. కాబట్టి అప్‌డేట్ అయిన రాత్రి టాబ్లెట్‌ను చార్జర్‌కు తగిలించి తెల్లవార్లూ వదిలేయడం కన్నా మంచి చికిత్స లేదు. రెండో రాత్రి గడిచేసరికి వేడి తగ్గింది, బ్యాటరీ మునుపటి దారికి వచ్చింది. ఆ రెండు రోజుల్లోనే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అంటే అంతా చెరిపి కొత్తదానిలా మార్చి ఉంటే, ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

వైఫై సంగతి మాత్రం ఓపికతో తీరలేదు. అప్‌డేట్ తరువాత సిగ్నల్ అప్పుడప్పుడు తెగిపోతుండడంతో, అందరూ చెప్పే చిట్కా పాటించి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌ను మొత్తంగా రీసెట్ చేశాను. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టయింది. అంతకుముందు అప్పుడప్పుడు తెగే వైఫై, ఇప్పుడు అసలు కలవడమే మానేసింది. కలుస్తున్నట్టే కనిపించి మరుక్షణం వదిలేసేది. బజారులోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు తమ వైఫైకి ఒకసారి కలిపి చూడనైనా చూడకుండా, లోపలి చిప్ పోయిందనీ బోర్డు మార్చాలనీ చెప్పి, సగం టాబ్లెట్ ధర చెప్పాడు. ఇంటికి వచ్చి, ఎందుకో తోచి, నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి చూశాను. వెంటనే కలిసింది. చిప్ పోతే నా ఫోన్‌కు మాత్రం ఎలా కలుస్తుంది?

కారణం మా ఇంటి రౌటర్‌లో ఉంది. పక్కింటి పిల్లలు మా పాస్‌వర్డ్ కనిపెట్టిన రోజుల్లో నేనే దానిలో ఒక జాబితా పెట్టి, అందులో నమోదైన పరికరాలకు తప్ప మరి దేనికీ ప్రవేశం లేకుండా చేశాను. ప్రతి పరికరానికీ మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, రౌటర్ చూసేది దానినే. మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ఆ సంఖ్యను బట్టి ఎవరూ పసిగట్టకుండా ఉండేందుకు, ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్తగా కలిపే ప్రతి వైఫైకీ అసలు సంఖ్య బదులు ఒక కల్పిత సంఖ్యను చూపించడం మామూలు పద్ధతి అయింది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయడంతో టాబ్లెట్ మా వైఫైని మరిచిపోయి కొత్తదానిగా భావించింది. కల్పిత సంఖ్యతో గుమ్మం ముందు నిలబడింది. రౌటర్ తలుపు తీయలేదు. రెండూ తమ పని తాము సక్రమంగానే చేశాయి, మధ్యలో నేనే నలిగిపోయాను. వైఫై పేరు పక్కనున్న గుర్తును నొక్కి, వివరాలలో మ్యాక్ అడ్రస్ అన్న చోట కల్పిత సంఖ్యకు బదులు పరికరపు అసలు సంఖ్యను ఎంచుకోగానే పని అయిపోయింది. దీనికి పట్టిన సమయం అర నిమిషం. కారణం కనుక్కోవడానికి పట్టింది నాలుగు రోజులు.

ఆండ్రాయిడ్ 11 తెచ్చిన చిక్కు ఇంతకన్నా భయపెట్టింది. అప్‌డేట్ అయ్యాక ఫైల్ మేనేజర్ తెరిస్తే నా పుస్తకాల ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. నాలుగు వందలకు పైగా పీడీఎఫ్‌లు, వాటిలో కొన్నింటికి నా చేతి గుర్తులు, ఏళ్ల తరబడి పోగు చేసుకున్నవి. నేను వాడే చదివే యాప్ తన పుస్తకాలను ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో, డేటా అనే ఉప ఫోల్డర్‌లో, తన పేరు మీద ఉన్న చోట దాచుకుంటుంది. సులువుగా ఉంటుందని నేను కూడా ఫైల్ మేనేజర్‌తో నేరుగా అక్కడికే పుస్తకాలు చేర్చేవాడిని. ఒక యాప్ డేటాను ఇంకో యాప్ తొంగి చూడకూడదన్న నియమాన్ని ఆండ్రాయిడ్ 11 బిగించింది. అంటే పుస్తకాలు పోలేదు. వాటిని చూసే హక్కు ఫైల్ మేనేజర్‌కు పోయింది.

ఇక్కడే తెలిసినవారొకరు ఇచ్చిన సలహా గురించి చెప్పాలి. చదివే యాప్‌ను తీసేసి మళ్లీ ఎక్కించండి, అన్నీ కుదురుకుంటాయి అన్నారు. అది విని ఉంటే ఈ సమీక్ష మరోలా ఉండేది, ఎందుకంటే యాప్‌ను తొలగించినప్పుడు ఆ డేటా ఫోల్డర్‌లో దాని పేరు మీద ఉన్నదంతా యాప్‌తో పాటే చెరిగిపోతుంది. ఆ నాలుగు వందల పుస్తకాలలో కొన్నింటిని మళ్లీ వెతికి పట్టుకోవడం నాకు ఈ జన్మలో అయ్యే పని కాదు. నేను చేసింది వేరు: టాబ్లెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫైళ్ల బదిలీకి అనుమతి ఇచ్చి, కంప్యూటర్ తెర మీద అదే ఫోల్డర్ తెరిచి చూస్తే పుస్తకాలన్నీ పదిలంగా ఉన్నాయి. మొదట ఒక ప్రతిని కంప్యూటర్‌లోకి దించుకున్నాను. ఆ తరువాత మెమరీ కార్డులో మామూలు ఫోల్డర్ ఒకటి చేసి అందులోకి మార్చి, ఆ ఫోల్డర్‌ను చదివే యాప్‌కు చూపించాను. అప్పటి నుంచి ఏ యాప్ సొంత ఫోల్డర్‌లోనూ నావైన ఫైళ్లను పెట్టడం మానేశాను. కెమెరా, మైక్ వంటి అనుమతులు కూడా ఇదే అప్‌డేట్ తరువాత కొన్ని యాప్‌లకు తెలియకుండానే రద్దయ్యాయి. నెలల తరబడి తెరవని యాప్‌ల నుంచి అనుమతులను తానే వెనక్కి తీసుకునే ఏర్పాటు అది. యాప్ తెరిచి మళ్లీ అడిగినప్పుడు ఇస్తే సరిపోతుంది.

నెమ్మదించడం గురించి వేరుగా రాయాలి, ఎందుకంటే టాబ్లెట్ నెమ్మదించింది అన్న ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు కారణాలు నాకు తగిలాయి. మొదటిది నిల్వ. ప్రతి అప్‌డేట్‌తోనూ వ్యవస్థ ఇంకాస్త చోటు ఆక్రమించింది, 11 వచ్చేనాటికి నాకు మిగిలిన ఖాళీ 1 జీబీ కూడా లేదు. ఇలాంటి నిల్వ అంచుల దాకా నిండితే అందులో కొత్త డేటా రాయడం నెమ్మదిస్తుంది, దానితో పాటు అన్నీ నెమ్మదిస్తాయి. పాత వీడియోలనూ వాడని యాప్‌లనూ తీసేసి 5 జీబీ ఖాళీ చేయగానే సగం జబ్బు తగ్గింది.

రెండో కారణాన్ని సేఫ్ మోడ్ పట్టించింది. పవర్ బటన్ పట్టుకుంటే వచ్చే తెరలో ఆఫ్ చేసే గుర్తును నొక్కి అలాగే ఉంచితే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మనం ఎక్కించుకున్న యాప్‌లేవీ నడవవు. సేఫ్ మోడ్‌లో టాబ్లెట్ కొత్తదానిలా పరుగెత్తింది. అంటే తప్పు అప్‌డేట్‌ది కాదు, నేను ఎక్కించిన దానిది. ఇటీవల పెట్టిన వాటిని వెనుక నుంచి ఒక్కొక్కటిగా తీస్తూ వస్తే, చివరికి దొరికిన దొంగ మెమరీని శుభ్రపరుస్తానని చెప్పుకునే యాప్! అది వెనుక నడిచే యాప్‌లను మూసివేస్తూ ఉండేది, అవి మళ్లీ లేస్తూ ఉండేవి, ఈ మూత తెరతల్లో ప్రాసెసర్‌కు ఊపిరి ఆడేది కాదు. ఇలాంటి యాప్‌లను టాబ్లెట్‌లో ఉంచుకోవలసిన అవసరం నాకు ఒక్కటీ కనిపించలేదు. సేఫ్ మోడ్‌కు వెళ్లి వస్తే హోమ్ తెర మీద పెట్టుకున్న కొన్ని విడ్జెట్లు మాయమవుతాయి, మళ్లీ పెట్టుకోవాలి. అది చిన్న సుంకం.

మూడోది క్యాష్ విభాగం, అంటే వ్యవస్థ తన తాత్కాలిక ఫైళ్లను దాచుకునే చోటు. రికవరీ తెరలోకి, అంటే ఆండ్రాయిడ్ మొదలవకముందే బటన్లతో తెరిచే మరమ్మతు జాబితాలోకి వెళ్లి దాన్ని తుడిచేయమనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది, దానివల్ల మన ఫైళ్లు పోవు కనుక ప్రయత్నించడంలో తప్పు లేదు. నేను పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి ఎన్నిసార్లు పట్టుకున్నా ఆ తెర రాకపోవడం చూసి బటన్లే చెడిపోయాయనుకున్నాను. తీరా చూస్తే ఆండ్రాయిడ్ 11 తరువాత నా టాబ్లెట్‌లో, యూఎస్‌బీ కేబుల్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఉంచినప్పుడే ఆ తెర వస్తుందట. ఇంకో జాగ్రత్త: ఆ జాబితాలో క్యాష్ తుడిచే వరుస పక్కనే మొత్తం డేటా తుడిచే వరుస ఉంటుంది, కదపడం వాల్యూమ్ బటన్‌తో, ఎంచుకోవడం పవర్ బటన్‌తో. కళ్లజోడు పెట్టుకుని చేయవలసిన పని. కొన్ని కొత్త పరికరాలలో ఈ విభాగమే ఉండదు కనుక ఆ వరుస కనిపించకపోతే కంగారుపడనక్కరలేదు. నా విషయంలో దీనివల్ల కలిగిన మేలు ఉందో లేదో అన్నంత తక్కువ.

ఫ్యాక్టరీ రీసెట్ ఆరేళ్లలో ఒక్కసారే చేశాను, 2022లో. అది చేస్తే పాత ఆండ్రాయిడ్‌కు వెళ్లవచ్చని చాలామంది అనుకుంటారు. వెళ్లలేము, ఇప్పుడున్న ఆండ్రాయిడ్ 11నే శుభ్రంగా చేతికి ఇస్తుంది. సరైన కారణం తెలియకుండా అది చేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. చేయక తప్పనప్పుడు ముందుగా చూసుకోవలసినవి నాకు రెండు తెలిసివచ్చాయి. మెమరీ కార్డును టాబ్లెట్ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తనకు తప్ప ఎవరికీ అర్థం కాని సంకేతాలలోకి మార్చి ఉంటే, రీసెట్‌తో ఆ తాళం చెవి పోతుంది, కార్డులోని ఫైళ్లను ఇక ఏ పరికరమూ చదవలేదు. కాబట్టి ముందే డిక్రిప్ట్ చేయాలి. రికవరీ తెర నుంచి రీసెట్ చేస్తే, అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ ఇస్తేనే టాబ్లెట్ తెరుచుకుంటుంది. ఇది దొంగల కోసం పెట్టిన కాపలా అయినా, పాస్‌వర్డ్ మరిచిన యజమానినీ అది దొంగగానే చూస్తుంది. ఈ రెండూ ముందే చూసుకున్నాను గానీ, మూడో సంగతి తోచలేదు. ఆ సాయంత్రం అమ్మకు వార్త వినిపించబోతే టాబ్లెట్ మౌనం వహించింది. తెలుగు గొంతు రీసెట్‌తో పాటే పోయింది. టెక్స్ట్ టు స్పీచ్ (రాతను చదివి వినిపించే) సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగును మళ్లీ దించుకునేదాకా నేనే గొంతు చించుకుని చదివాను.

ఇన్ని చిక్కులు రాశాక, అప్‌డేట్ చేయకుండా ఉండిపోతే మేలు కదా అని అడిగేవారు ఉంటారు. నా జవాబు కాదనే. ఆండ్రాయిడ్ 9 మీదే ఆగిపోయి ఉంటే క్రోమ్ బ్రౌజర్ 138వ వెర్షన్‌తో నిలిచిపోయేది. 2025 ఆగస్టులో వచ్చిన 139 నుంచి దానికి కనీసం ఆండ్రాయిడ్ 10 కావాలి. నేను మార్చుకున్నది తొందరను మాత్రమే: అప్‌డేట్ వచ్చిన వెంటనే కాకుండా రెండు వారాలు ఆగి ఎక్కిస్తాను. 2024 సెప్టెంబరులో ఐప్యాడ్ఓఎస్ 18 ఎక్కించిన కొన్ని ఎం4 ఐప్యాడ్ ప్రోలు తెరుచుకోవడమే మానేయడంతో ఆపిల్ ఆ పరికరాలకు అప్‌డేట్‌ను కొన్నాళ్లు నిలిపివేసింది. అంత ఖరీదైన వాటికే తప్పనప్పుడు నా టాబ్లెట్‌కు రెండు వారాల ఆలస్యం నష్టం కాదు. పెద్ద అప్‌డేట్లే కాదు, చిన్న భాగాలు కూడా దెబ్బ తీయగలవు: 2021 మార్చిలో, యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించే వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన అప్‌డేట్ లోపంతో ఎన్నో దేశాలలో ఆండ్రాయిడ్ యాప్‌లు వాటంతట అవే మూసుకుపోయాయి. కాబట్టి యాప్‌లు ఉన్నట్టుండి మూసుకుపోతే, నిన్న ఏది మారిందో ప్లే స్టోర్‌లో కూడా చూడడం మంచిది.

సరిచేయలేనివి కొన్ని మిగిలాయి. 3 జీబీ ర్యామ్ పెరగదు. పెద్ద స్కాన్ పుస్తకం, బ్రౌజర్ రెండూ తెరిస్తే ఒకటి వెనుక మూసుకుపోతుంది. బ్యాటరీ వయసును ఏ సెట్టింగూ తగ్గించలేదు, నిరుడు కొత్తది వేయించాను. భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయాయి కనుక బ్యాంకు యాప్‌ను ఇందులోంచి తీసేశాను, డబ్బు వ్యవహారం ఫోన్‌లోనే. చదువుకోవడానికీ, వార్తలు వినిపించడానికీ ఇది ఇంకా పనికొస్తోంది. ప్రస్తుతం అమ్మ మంచం పక్కన బల్ల మీద, చార్జర్‌కు తగిలించి ఉంది.