ఫుడ్ బ్యాంక్‌కి డబ్బాలా, డాలర్లా?

అమెరికాలో నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దగ్గరపడితే బడుల్లో, గుళ్లలో, తెలుగు సంఘాల్లో ఆహార డబ్బాలు పోగుచేస్తారు. పేదలకు ఆహారం చేరవేసే ఫుడ్ బ్యాంక్‌కి అవి ఇవ్వడం మేలా, డబ్బు పంపడం మేలా?

ప్రాంతీయ ఫుడ్ బ్యాంక్ అంటే ప్రధానంగా ఒక పెద్ద గోడౌన్. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. సూపర్‌మార్కెట్లలో మిగిలిన సరుకు, రైతుల దగ్గర అమ్ముడుపోని కూరగాయలు, ప్రభుత్వం కొనిచ్చే ఆహారం అక్కడికి చేరతాయి. అక్కణ్ణుంచి చర్చిలు, బడులు, ఆహారం ఉచితంగా పంచే చిన్న చిన్న ప్యాంట్రీల ద్వారా ఇళ్లకు వెళ్తాయి. ఇంత సరుకు కదలాలంటే ట్రక్కులు, డీజిల్, కోల్డ్ స్టోరేజీ కావాలి. వీటికి డబ్బే కావాలి. పైగా మనం షాపులో చిల్లర ధరకు కొనేదాన్ని వాళ్లు టోకున చాలా చవగ్గా తెచ్చుకుంటారు. పాలు, గుడ్లు, ఆకుకూరలు విరాళాల పెట్టెలో వేయలేం కదా.

డబ్బాలైతే తేదీలు, సొట్టలు చూసి వేరుచేయాలి. అయినా పిల్లలు తమ చేతులతో ఒక బీన్స్ డబ్బా తెచ్చి పెట్టడం నాకు చాలా ఇష్టం. తమ క్లాసులోనే ఆకలితో ఉన్నవాళ్లు ఉండొచ్చని వాళ్లకు తెలిసేది అప్పుడే. దగ్గర్లోని ప్యాంట్రీ ఫలానా సరుకు కావాలని అడిగితే అదే కొనివ్వండి.

మిగతా అన్ని వేళలా నా ఓటు డబ్బుకే. అదీ నవంబర్‌లో ఒక్కసారి కాదు, నెలనెలా కొంచెం. బడి భోజనం ఆగిపోయే వేసవి సెలవుల్లో పిల్లలున్న పేద ఇళ్లకు కష్టం పెరుగుతుంది. విరాళాలేమో పండగ రోజుల్లోనే ఎక్కువ వస్తాయి.