అమెరికా కాలేజీ టెన్నిసా, నేరుగా ప్రో టూరా?

ఖర్చు: ప్రో టూర్‌లో, అంటే ప్రైజ్ మనీ కోసం ఆడే అంతర్జాతీయ టోర్నీల్లో, కోచ్, టికెట్లు, హోటళ్లు అన్నీ సొంత డబ్బే. ఎం15 అనే అట్టడుగు స్థాయి పురుషుల టోర్నీలో అందరికీ కలిపి ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లు! కాలేజీలో కోచ్, ప్రయాణాలు టీమ్ ఖర్చే. పూర్తి స్కాలర్‌షిప్ మాత్రం అందరికీ రాదు.

శ్రమ: సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీస్ చేయించకూడదని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) నియమం. గ్రేడ్లు తగ్గితే ఆడనివ్వరు. అందుకే కాలేజీ కోచ్ ఫోర్‌హ్యాండ్‌తో పాటు మార్కులూ చూస్తారు. పరీక్షల వారంలో మ్యాచ్ పడితే కోచ్‌కీ, ఆటగాడికీ టెన్షనే. టూర్‌లో ఆ గొడవ లేదు, అడిగేవాళ్లూ లేరు.

రిస్క్: మోకాలు దెబ్బతింటే కాలేజీలో డిగ్రీ మిగులుతుంది, టూర్‌లో అప్పు.

కాలేజీకెళ్తే ప్రో అవడం ఆలస్యమవుతుందని భయమా? భారత ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2007, 2008లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాకే ప్రో అయ్యాడు. మన తెలుగు ఆటగాడు సాకేత్ మైనేనిదీ అలబామా కాలేజీ దారే.

జూనియర్ గ్రాండ్‌స్లామ్‌లలో రాణిస్తూ, స్పాన్సర్ కూడా ఉంటే టూర్‌కే వెళ్లాలి. మిగతావాళ్లకు నా ఓటు కాలేజీకే.