లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో కలిపా? సొంత షాపు కట్టించేవాళ్లకు ఏది మేలు

కింద రెండు షాపులు, పైన ఆఫీసు, అంతస్తుకు 1,000 చదరపు అడుగులు అనుకుందాం. స్థలం ఉంది, ప్లానుకు అనుమతి వచ్చింది. ఇక తేలాల్సింది ఒకటే. మేస్త్రీకి కూలి మాట్లాడి సామాను మనమే తెచ్చిపెట్టాలా, అడుగుకు ఇంత అని సామానుతో సహా అప్పగించేయాలా? ముగ్గు పోసిన రోజు నుంచి షట్టర్ ఎత్తే రోజు దాకా జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

లేబర్ మేస్త్రీకి అడుగుల లెక్కన కూలి. మీ సిమెంటు నేలపాలైనా ఆయనకు పోయేదేమీ లేదు, పని త్వరగా తెమిలితే మాత్రం ఇంకో సైటుకు పోవచ్చు. అందుకే ఆయన దగ్గర భయపడాల్సింది తొందరకు. మెటీరియల్ కాంట్రాక్టర్‌ది ఇందుకు తిరగేసిన లెక్క. మిగిలిన ప్రతి బస్తా ఆయన లాభమే.

స్లాబ్ వేసే రోజు ఈ తేడా కళ్లకు కడుతుంది. 5 అంగుళాల మందంతో 1,000 చదరపు అడుగుల స్లాబ్ అంటే సుమారు 11.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎం20 రకం కాంక్రీటు పాళ్లకు (సిమెంటు 1, ఇసుక 1.5, కంకర 3) ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 95 బస్తాలు పడాలి. బీముల లెక్క వేరు. సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టండి. 75 దగ్గర ఆగితే పాళ్లు తగ్గించారన్నమాట. 120 దాటితే, బీములకు పోయింది తీసేసి చూడండి. అప్పటికీ తేలకపోతే బస్తాలు గోడ దాటాయేమో విచారించాల్సిందే. నీళ్ల సంగతి మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే: పారతో లాగడం తేలికని మిక్సర్‌లో మగ్గు మీద మగ్గు పోస్తారు, స్లాబ్ బలం అక్కడే పోతుంది.

లేబర్ కాంట్రాక్టులో బయటికి కనపడని ఖర్చు మీ సమయం. సాయంత్రానికి రేపటి సామాను సైటులో లేకపోతే మర్నాడు పని ఆగినట్టే, ఖాళీగా కూర్చున్న మనుషుల కూలి మీ మీదే పడుతుంది. బైండింగ్ వైరు (టన్ను ఇనుముకు 8 నుంచి 10 కిలోలు), మేకులు, కవర్ బ్లాకులు (ఇనుము కింద పెట్టే చిన్న దిమ్మెలు), ఫ్యాన్ బాక్సులు… ఫోను మోగుతూనే ఉంటుంది. రోజూ కనీసం రెండు గంటలు సైటులో నిలబడే మనిషి ఇంట్లో లేకపోతే ఆ దారి జోలికి పోవద్దు.

మొత్తం అప్పగిస్తే ఈ తిప్పలు ఉండవు, కానీ అడుగు రేటులో ఏమేం కలిశాయో చూడాలి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ చాలాసార్లు రేటు బయట ఉంటాయి. పునాది 5 అడుగుల వరకే అని రాసి ఉండి, మీది నల్లరేగడి అయితే ఇంకా లోతుకు పోవాల్సి వచ్చి మొదటి వారంలోనే ‘ఎక్స్‌ట్రా’ మొదలవుతుంది. అగ్రిమెంటుకు ముందే గుంత తీయించి నేల చూడండి. కమర్షియల్ పనికి 18 శాతం జీఎస్టీ రేటులో ఉందో లేదో రాయించండి. సొంత భవనం మీద కట్టిన ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (మీ వ్యాపారం కట్టే జీఎస్టీలో తగ్గింపు) రాదు.

వ్యాపారం నడుపుకుంటూ కట్టించేవాళ్లకు మా ఓటు మూడో దారికి. కాంక్రీటులో కలిసిపోయి మళ్లీ కనపడనివి, సులువుగా లెక్కకు అందేవి రెండు: సిమెంటు, ఇనుము. ఆ రెండూ మీరు కొనండి, మిగతాదంతా బ్రాండ్ల జాబితా రాయించి కాంట్రాక్టర్‌కి వదిలేయండి. ఇనుము దించేటప్పుడు 12 మీటర్ల పొడవున్న 12 ఎంఎం రాడ్లు ఐదింటి కట్ట తూయించండి, 53 కిలోల దగ్గర ఉండాలి. సిమెంటు మూడు నెలలకు మించి నిల్వ పెట్టొద్దు. ఈ పద్ధతిలో చిక్కు ఒకటుంది. రేపు పగులు వస్తే ‘మీరు తెచ్చిన సిమెంటే’ అంటాడు. దానికి జవాబుగా స్లాబ్ రోజే అదే కాంక్రీటుతో 150 ఎంఎం క్యూబులు (ఘనాలు) ఆరు పోయించి, మూడు 7 రోజులకు, మూడు 28 రోజులకు ల్యాబులో పరీక్ష చేయించండి.

ఏ పద్ధతైనా డబ్బు పని దశను బట్టే కదలాలి: అడ్వాన్సు 10 శాతం, బేస్‌మెంటుకు 15, ఒక్కో స్లాబుకు 20, గోడలు, ప్లాస్టరింగుకు 20, ఫ్లోరింగ్, రంగులకు 10. మిగిలిన 5 ఒక వానాకాలం చూశాకే. సెంట్రింగ్ విప్పే తేదీ కూడా కాగితం మీద ఉండాలి. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపున్న స్లాబుకు పోట్లు (కింద నిలబెట్టే ఆసరాలు) కనీసం 7 రోజులు, అంతకు మించితే 14, బీముల కింద 6 మీటర్ల దాకా 14, ఆపైన 21. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు, చలి లేని రోజులకు. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు) వాడితే ఇంకొన్ని రోజులు ఆగాలి, క్యూరింగ్ (నీళ్లతో తడిపి ఉంచడం) కూడా 7 కాదు, 10 రోజులు చేయాలి. సెంట్రింగ్ సామాను అద్దె రోజు లెక్కన పడుతుంది కాబట్టి అయిదో రోజే ‘గట్టిపడిపోయింది సార్’ అని విప్పడానికి వస్తారు. తేదీ రాసిన కాగితం అప్పుడు చూపించండి.