జాగ్రత్త: "హెచ్‌వీ (హై వోల్టేజ్) రిపేర్ చేశాం" అని అమ్మే పాత స్కోపులు

పాత అనలాగ్ ఆసిలోస్కోప్ (ఎలక్ట్రికల్ సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే పరికరం) కొందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. "హై వోల్టేజ్ ఫాల్ట్ సరిచేశాం, కావాలంటే వీడియో చూసుకోండి" అంటే నమ్మి తీసుకున్నాను. వీడియోలో ట్రేస్ (తెర మీది గీత) సన్నగా, నిలకడగా ఉంది. నా దగ్గరా మొదట అలాగే వచ్చింది. అరగంట వేడెక్కేసరికి గీత మందమైంది, బొమ్మ గళ్లు దాటి ఉబ్బింది, వెలుగు తగ్గి చివరికి మాయమైంది. చల్లారాక ఆన్ చేస్తే మళ్లీ మామూలే.

హెచ్‌వీ పడిపోతే జరిగేది ఇదే. తెర మీద గీత గీసే ఎలక్ట్రాన్ల వేగం తగ్గి, అదే సిగ్నల్‌కు వాటి ధార (బీమ్) ఎక్కువ వంగుతుంది.

షీల్డ్ మూత తీస్తే అసలు సంగతి బయటపడింది. ఫీడ్‌బ్యాక్ లైన్‌లో (హెచ్‌వీ ఎంతుందో దాన్ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌కు చెప్పే దారి) హై వోల్టేజ్ రెసిస్టర్ ఉండాల్సిన చోట మామూలు పావు వాట్ రెసిస్టర్ పెట్టారు. అలాంటివి సాధారణంగా 250 వోల్టుల దాకా తట్టుకుంటాయి, అక్కడుండేది వేలల్లో. దాని కింద బోర్డు మీద వెంట్రుకంత నల్లటి కార్బన్ గీత, చుట్టూ తుడవకుండా వదిలేసిన ఫ్లక్స్ (సోల్డరింగ్‌లో వాడే జిగట పదార్థం). ఆ గీత గుండా కరెంట్ లీకైతే వోల్టేజ్ పెరిగిందనుకుని రెగ్యులేటర్ దాన్ని తగ్గించేస్తుంది. దీన్ని రిపేర్ అనడం అన్యాయం.

నాకు కోపం తెప్పించింది డబ్బు ఒక్కటే కాదు. ఇలాంటి మిషన్ కొత్తవాళ్ల చేతిలో పడితే ప్రాణానికే ముప్పు. 1972లో వచ్చిన టెక్‌ట్రానిక్స్ 465నే తీసుకోండి, కెథోడ్ (పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) దగ్గర మైనస్ 2,450 వోల్టులు. కెథోడ్‌ను వేడిచేసే హీటర్‌కి ఆరు వోల్టులే కదా అని మీటర్ పెట్టకండి, ఆ వైండింగ్ మొత్తం కెథోడ్ వోల్టేజ్ మీదే తేలుతూ ఉంటుంది. మామూలు మల్టీమీటర్ 1,000 వోల్టులకు మించి పనికిరాదు, సరైన హెచ్‌వీ ప్రోబ్ కావాల్సిందే. ప్లగ్ పీకాక కూడా ట్యూబ్‌లో చార్జ్ నిలిచి ఉంటుంది.

కొనేముందు కాలిబ్రేటర్ స్క్వేర్ వేవ్ (స్కోప్ తనే ఇచ్చే, సైజు తెలిసిన పరీక్ష సిగ్నల్) పెట్టించి, ఆన్ చేయగానే ఒకసారి, గంట తర్వాత నాబ్‌లు కదపకుండా ఇంకోసారి ఫోటో అడగండి. రెండింట్లోనూ గళ్ల లెక్క ఒకటే ఉండాలి. హెచ్‌వీ బోర్డు ఫోటో కూడా అడగండి, మార్చిన పార్టులు ఏవో రాసివ్వమనండి. అమ్మినవాళ్లను డబ్బు వెనక్కి అడిగితే "పంపినప్పుడు పనిచేసింది, వీడియో ఉంది" అన్న ఒక్క జవాబే వస్తోంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు తీసిన వీడియో చూసి మాత్రం డబ్బు పంపకండి.